పచ్చ ఇంకు, బడి గంట

(కొత్తగా బాధ్యతలు తీసుకున్న ప్రధానోపాధ్యాయులకు, మండల విద్యాశాఖాధికారులకు గుంటూరులో జరిగిన శిక్షణ తరగతుల్లో ఇచ్చిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లు కొంచెం ముందుకు రండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగా ఉన్నాయి. పిల్లలు వెనక బెంచీకి పోతే ఊరుకోం, మనం మాత్రం ఎక్కడికెళ్లినా వెనక బెంచీనే వెతుక్కుంటాం. రండమ్మా, రండి.

ముందు ఒక చిన్న ప్రశ్న. కొత్తగా గెజిటెడ్ హోదా వచ్చినవాళ్లు ఎంతమంది ఉన్నారు ఇక్కడ? పచ్చ ఇంకు పెన్ను కొనేశారా? నవ్వుతున్నారంటే కొనేసినట్టే. కొనుక్కోవాల్సిందే, తప్పేం లేదు. కానీ ఒక్క మాట. ఆ పెన్నుతో మీరు సంతకం పెట్టే ప్రతి కాగితం ఎక్కడో ఒక తరగతి గదిలో ఒక పీరియడ్‌ను కాపాడుతుంది, లేదా మింగేస్తుంది. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

మంచి విద్యాధికారికి ఉండాల్సిన లక్షణాలు, నైపుణ్యాలు అని నాకు విషయం ఇచ్చారు. నాయకత్వం, నిజాయితీ, ఓర్పు, సమయపాలన... ఈ జాబితా బీఈడీలో అందరం పరీక్షకు రాసిందే, మార్కులు తెచ్చుకున్నదే. మళ్లీ అదే చదివితే మీకు నిద్ర, నాకు నీరసం. అందుకని లక్షణాలు పక్కన పెట్టి పని దగ్గర్నుంచి మొదలుపెడదాం.

మన దగ్గరున్న సరుకేమిటి? కాలం. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు చూడండి. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పని దినాలు, 800 గంటల బోధన. ఆరు నుంచి ఎనిమిదికి 220 రోజులు, 1000 గంటలు. భాగించి చూడండి. ప్రాథమిక పాఠశాలలో రోజుకు 4 గంటలు. పై తరగతుల్లో నాలుగున్నర గంటల పైచిలుకు. అంతే సరుకు. గోడౌన్‌లో ఇంకేం లేదు. ఈ నాలుగు గంటల్లోంచి ఎవరు ఎంత పట్టుకుపోతున్నారో చూడటమే అధికారి పని.

ఎవరు పట్టుకుపోతున్నారు? సెలవుల వల్లే, లేటుగా వచ్చే మాస్టార్ల వల్లే కాలం పోతోందని మనం అనుకుంటాం. అదీ ఉంది, లేదనను. కానీ మన ఫోను మాటేమిటి?

ఉదయం పదిన్నరకు గ్రూపులో ఒక మెసేజ్ పడుతుంది. "కులాల వారీగా, బాలురు బాలికల వారీగా వివరాలు 12 గంటల లోపు పంపండి. మోస్ట్ అర్జెంట్." ఎదురుగా మూడు నమస్కారాల బొమ్మలు. బడిలో ఏం జరుగుతుంది? టీచరు పాఠం ఆపుతుంది. రిజిస్టరు తీస్తుంది. లెక్కపెడుతుంది. ఫార్మాట్ తెరుచుకోదు. పక్క ఊరి టీచరుకు ఫోను చేస్తుంది. చివరికి తెల్ల కాగితం మీద గళ్లు గీసి, నింపి, ఫోటో తీసి పెడుతుంది. ఎంతసేపు పట్టింది? తక్కువలో తక్కువ 20 నిమిషాలు అనుకుందాం. మండలంలో 45 బడులు ఉన్నాయనుకుందాం. 45 ఇరవైలు 900 నిమిషాలు. అంటే 15 గంటలు. అంటే ఒక ప్రాథమిక పాఠశాలలో దాదాపు నాలుగు రోజుల చదువు. ఒక్క మెసేజ్ ఖరీదు అది. మన జేబులోంచి పోదు కాబట్టి మనకు తెలియదు.

ఆ వివరాలు మన దగ్గర లేవా? చాలా వరకు ఉంటాయి. ఏటా సెప్టెంబరు 30 తేదీని ప్రామాణికంగా పెట్టుకుని యూడైస్ ప్లస్, అంటే దేశంలోని బడులన్నిటి వివరాలుండే ఆన్‌లైన్ పట్టిక, నింపిస్తున్నాం. ఇప్పుడు అది పిల్లవాడి పేరుతో సహా, ఒక్కొక్కరి వారీగా ఉంది. ఎంఆర్‌సీలో, అంటే మండల వనరుల కేంద్రంలో, ఈ వివరాలు చూసే ఎంఐఎస్ కోఆర్డినేటర్ ఉన్నారు. బడికో పేజీ చొప్పున, తరగతి వారీ పిల్లలు, టీచర్లు, ఖాళీలు, గదులు, మరుగుదొడ్లు, వంట చేసేవాళ్లు, బ్యాంకు ఖాతా, అన్నీ రాసి ఒక ఫైలు కట్టండి. నెలకోసారి, నెలాఖరు శనివారం సాయంత్రం, దాన్ని సరిదిద్దండి. పైనుంచి ప్రశ్న వస్తే ముందు ఆ ఫైలు తెరవండి. అందులో లేకపోతేనే బడిని అడగండి. అడిగినా సాయంత్రం నాలుగు దాటాక అడగండి. "ఇది జులైలో ఒకసారి పంపాం కదండీ" అని టీచరు అన్న రోజు, తప్పు ఆమెది కాదు, మన బీరువాది.

యూడైస్ మాట వచ్చింది కాబట్టి అక్కడే ఒక చిన్న చిక్కు. పిల్లవాడు బడి మారాడు. పాత బడివాళ్లు అతని పేరును తమ లెక్కలోంచి తీసి డ్రాప్ బాక్స్‌లోకి, అంటే బడి మారేవాళ్ల జాబితాలోకి, వదలలేదు. కొత్త బడివాళ్లకు అతను దొరకడు. పిల్లవాడు కొత్త బడిలో రోజూ కూర్చునే ఉంటాడు, లెక్కలో మాత్రం ఉండడు. పుస్తకాలు, యూనిఫాం, షూ అన్నీ లెక్క ప్రకారమే వస్తాయి కదా? వాడికి రావు. టీసీ సంగతీ అంతే. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం హెడ్మాస్టరు టీసీ వెంటనే ఇవ్వాలి. రాలేదన్న సాకుతో కొత్త బడి చేర్చుకోవడం ఆలస్యం చేయకూడదు. "మా రోల్ తగ్గిపోతుంది సార్" అని టీసీ తొక్కిపెట్టే అలవాటు ఉంది చూశారా, మన బడుల్లోనూ ఉంది, ప్రైవేటులోనూ ఉంది, ఆ అలవాటు మాన్పించండి.

ఇప్పుడు బడి సందర్శన. అసలు పనితనం ఇక్కడే తెలుస్తుంది కాబట్టి కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఓపిక పట్టండి.

మొదటి గంటకు పది నిమిషాల ముందు చేరండి. ముందుగా చెప్పి వెళ్తే అలంకరణ కనిపిస్తుంది. చెప్పకుండా పదకొండింటికి దిగితే మీకోసం తరగతులు ఆగిపోతాయి. చెప్పకుండా బడి గంట కొట్టే ముందు వెళ్తే రెండూ ఉండవు. ఆఫీసు గదిలోకి వెళ్లకండి. అక్కడ కుర్చీ ఉంటుంది, టీ ఉంటుంది, ఇక లేవలేరు. నేరుగా ఆడపిల్లల మరుగుదొడ్డి దగ్గరికి వెళ్లండి. తలుపుకు గడియ ఉందా? కుళాయి తిప్పితే నీళ్లు వస్తున్నాయా? తాళం వేసి ఉండి, "శుభ్రంగా ఉండాలని వేశాం సార్" అంటే ఆ తాళం మామూలు రోజుల్లో ఎవరి దగ్గర ఉంటుందో అడగండి. పై తరగతుల ఆడపిల్లల హాజరు ఎందుకు తగ్గుతోందన్న ప్రశ్నకు సగం జవాబు ఆ గడియ దగ్గరే దొరుకుతుంది.

తర్వాత మూడు అంకెలు రాసుకోండి. హాజరు పట్టీలో ఎంతమంది, గదుల్లో తలలు ఎన్ని, భోజనం లెక్కలో ఎంతమంది. పట్టీలో 84, తలలు 71, భోజనం 84 అనుకోండి. దొంగ దొరికాడని ఎగరొద్దు. ముందు కనుక్కోండి. ఆలస్యంగా వచ్చేవాళ్లు ఉన్నారా? అంగన్‌వాడీ దగ్గరికి తమ్ముణ్ణి దింపడానికి వెళ్లినవాళ్లు ఉన్నారా? అవన్నీ తీసేశాక కూడా తేడా మిగిలితే అప్పుడు బియ్యం దగ్గరికి వెళ్లండి. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50. ఆరు నుంచి ఎనిమిదికి బియ్యం 150, పప్పు 30, కూరగాయలు 75. 84 మందికి 8 కిలోల 400. 71 మందికి 7 కిలోల 100. రోజుకు కిలో మూడొందల గ్రాములు తేడా. ఇరవై రోజులకు 26 కిలోలు. 50 కిలోల బస్తాలో సగం పైన. అంకెలు చెప్పి అడిగితే గొంతు పెంచక్కర్లేదు. గొంతు పెంచి అడిగితే అంకెలు బయటికి రావు.

వంట దగ్గర ఇంకో మాట. సాంబారు నీళ్లలా ఉందని వంటామెను అందరి ముందూ కసురుతాం. ఆమెకు బిల్లు ఎప్పుడు పాసైందో చూశారా? మూడు నెలలు బిల్లు రాకపోతే ఆమె కిరాణా కొట్టులో అరువు తెచ్చి వండుతోంది. కొట్టువాడు అరువు తగ్గిస్తే కందిపప్పు తగ్గుతుంది, పప్పు తగ్గితే సాంబారు పల్చబడుతుంది. కాబట్టి సాంబారు చిక్కబడాల్సింది మొదట మన ఆఫీసులో. పిల్లలకు పెట్టేముందు పెద్దవాళ్లు, వాళ్లలో ఒక టీచరు తప్పకుండా, రుచి చూడాలి. ఆ రిజిస్టరులో నెల మొత్తం సంతకాలు ఒకే రోజు పెట్టినట్టుంటే, ఎవరూ తినడం లేదని అర్థం. ఆ రోజు మీరు పిల్లలతో పాటు పంక్తిలో కూర్చుని తినండి. అంతకన్నా పెద్ద తనిఖీ లేదు.

ఇక తరగతి గది. వెనక కూర్చోండి, పీరియడ్ మొదటి నుంచి చివరిదాకా. మధ్యలో లేచి చాక్‌పీసు తీసుకోవద్దు. మనందరికీ ఉన్న జబ్బే అది. బోర్డు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. మీరు బాగా చెప్పగలరని నిరూపించుకోవడానికి వెళ్లలేదు కదా అక్కడికి?

మూడు నోటు పుస్తకాలు తీసుకోండి. ముందు బెంచీ ఒకటి, మధ్య బెంచీ ఒకటి, చివరి బెంచీ ఒకటి. తేదీలు చూడండి. ఎర్ర టిక్కులు చూడండి. తప్పు జవాబు మీద కూడా టిక్కు పడిందా? సరిచేసిన మాటను పిల్లవాడు మళ్లీ రాశాడా? మూడు పుస్తకాల్లోనూ ఒకే చోట ఒకే తప్పు ఉంటే, అది పిల్లల తప్పు కాదు. బోర్డు మీద ఉన్న తప్పు, లేదా గైడులో ఉన్న తప్పు.

చదివించి చూడండి. మూడో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలన్నది నిపుణ్ భారత్, అంటే చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు నేర్పే కేంద్ర కార్యక్రమం, పెట్టిన లక్ష్యం. రెండో తరగతికి 45 నుంచి 60. కానీ స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చోకండి. తెలుగు మాట పొడుగు. "చేసుకోలేకపోయాడు" అన్నది మనకు ఒక్క పదం. దాన్ని వేరే భాషలో పదంతో సమానంగా లెక్కపెడితే మన పిల్లవాడికి అన్యాయం. అంకెను గుర్తుంచుకోండి, దానికి బానిస కావద్దు.

పాఠం మొదటి నుంచి చదవమంటే గడగడా చదివేస్తాడు. ఎందుకంటే అది చదవడం కాదు, అప్పజెప్పడం. పేజీ తిప్పి మధ్య పేరాలో వేలు పెట్టి "ఇక్కణ్ణుంచి చదువు నాన్నా" అనండి. అప్పుడు చూడండి వాడి వేలు ఎక్కడ ఆగుతుందో. "ప"కీ "వ"కీ మధ్య ఆగుతోందా? "మ", "య" దగ్గర తడబడుతున్నాడా? మామూలు అక్షరాలు వచ్చి ఒత్తుల దగ్గర ఆగుతున్నాడా? "చెట్టు"ను "చెటు" అని దాటేస్తున్నాడా? ఒక్కొక్క ఆగడానికి ఒక్కొక్క మందు. అందరికీ కలిపి "వెనకబడిన విద్యార్థులు" అని ఒక జాబితా రాస్తే ఏ మందూ అందదు.

అయ్యాక టీచరుతో విడిగా మాట్లాడండి. పిల్లల ముందు వద్దు, తోటి టీచర్ల ముందు వద్దు, గ్రూపులో ఫోటోలు పెట్టి అసలే వద్దు. పిల్లల ముందు మాస్టారిని కసిరి మీరు బండెక్కి వెళ్లిపోతారు. ఆయన ఆ ఏడాదంతా ఆ పిల్లల ముందే నిలబడాలి కదా? బాగున్నది ఒకటి చెప్పండి, ఉత్త పొగడ్త కాకుండా, చూసినది. మారాల్సింది ఒకటి చెప్పండి. ఒకటే. లాగ్ బుక్‌లో పదమూడు సూచనలు రాస్తే ఎవరు చేస్తారు? మనమైతే చేస్తామా? ఒకటి రాసి, కింద మళ్లీ వచ్చే తేదీ రాయండి. ఆ తేదీన వెళ్లండి. వెళ్లకపోతే మీ పచ్చ ఇంకు విలువ ఎంతో ఆ టీచరుకు తెలిసిపోతుంది.

హాజరు పట్టీ గురించి ఒక మాట చెప్పాలి. మనమంతా పట్టీని నిలువుగా చదువుతాం. రోజు మొత్తం కూడి శాతం వేస్తాం. 30 మందిలో 27 మంది, 90 శాతం, బాగుంది. రేపూ 90, ఎల్లుండీ 90. కానీ పిల్లవాడు పట్టీలో నిలువుగా ఉండడు, అడ్డంగా ఉంటాడు. అడ్డంగా చదవండి. ఆ రాని ముగ్గురూ రోజూ అదే ముగ్గురైతే? 90 శాతం హాజరు ఉన్న తరగతిలో ముగ్గురు పిల్లలు బడి మానేసి కూర్చున్నారన్నమాట.

మన గుంటూరు, పల్నాడు వైపు ఇది ఎప్పుడు జరుగుతుందో మీకు నేను చెప్పాలా? సంక్రాంతి దాటాక మిరపకాయ కోతలు. ఊళ్లోవాళ్లు చేలోకి పోతారు, పెద్దపిల్ల చంటిదాన్ని ఎత్తుకుని ఇంటి దగ్గర ఉంటుంది. ఇంకోవైపు వేరే జిల్లాల నుంచి కూలీలు పిల్లలతో సహా వచ్చి కళ్లాల పక్కన గుడారాలు వేసుకుంటారు. ఆ పిల్లలు వాళ్ల ఊరి పట్టీలో ఆబ్సెంటు, మన పట్టీలో లేనే లేరు. కాబట్టి డిసెంబరులోనే రెండు జాబితాలు తయారు కావాలి. మన ఊరి నుంచి పోయేవాళ్లు, మన ఊరికి వచ్చేవాళ్లు. పోయేవాళ్లకు సీజనల్ హాస్టలో, అమ్మమ్మ ఇల్లో ముందే మాట్లాడాలి. వచ్చేవాళ్లను టీసీ లేకున్నా, వయసు ధ్రువపత్రం లేకున్నా కూర్చోబెట్టాలి. చట్టం ఒప్పుకుంటుంది. ఫిబ్రవరిలో శాతం పడిపోయాక సర్క్యులర్ రాస్తే లాభం లేదు. అప్పటికి కాయలు మిర్చి యార్డుకు చేరిపోయి ఉంటాయి.

ఏకోపాధ్యాయ పాఠశాలల గురించి. 60 మంది పిల్లల వరకూ ఇద్దరు టీచర్లు ఉండాలని చట్టం. సరే, ఒక్కరే ఉన్న బడులు మన మండలాల్లో ఉన్నాయి, మనకు తెలుసు. ఆ ఒక్కరికీ జ్వరం వస్తే? ఆ ఉదయం ఏడున్నరకు ఫోన్లు మొదలవుతాయి. "ఎవరినైనా పంపండి సార్." ఎవరిని? దానికి ఏడున్నరకు కాదు, జూన్‌లో జవాబు ఉండాలి. ప్రతి ఏకోపాధ్యాయ బడి పేరుకూ ఎదురుగా కాంప్లెక్సులో, అంటే చుట్టుపక్కల బడుల సముదాయంలో, రెండు పేర్లు, వరస క్రమంలో. ఈవిడ వెళ్లలేకపోతే ఆయన. ఆ ఇద్దరికీ ముందే చెప్పి, కాగితం మీద పెట్టాలి. వాళ్లు వెళ్లిన బడిలో పాఠం ఎక్కడిదాకా వచ్చిందో తెలియాలి కదా, అందుకు టీచరు డైరీ బడిలోనే ఉండాలి, ఇంటి సంచిలో కాదు. పాఠశాలల సముదాయం అన్న ఆలోచనను 1964–66 కొఠారి కమిషన్, అంటే దేశమంతటి చదువు మీద కేంద్రం వేసిన విద్యా కమిషన్, చెప్పింది ఇలా ఒకరికొకరు ఆసరా కావడానికే. మనం దాన్ని మీటింగుల సముదాయం చేశాం.

డబ్బు సంగతికి వద్దాం. హెడ్మాస్టర్లు ఎక్కువ భయపడేది దీనికే, ఎక్కువ నిర్లక్ష్యం చేసేదీ దీన్నే. బడి ఏటి ఖర్చులకు సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు 2018 నిబంధనల్లో పిల్లల సంఖ్యను బట్టి పెట్టారు. 100 మంది వరకు ఉన్న బడికి 25 వేలు, 250 వరకు 50 వేలు, 1000 వరకు 75 వేలు, ఆపైన లక్ష. మరీ చిన్న బడులకు తర్వాత 10 వేలు చేశారు. అందులో కనీసం పదో వంతు శుభ్రత మీద పెట్టాలి. పెద్ద మొత్తాలు కావు. కానీ జవాబు చెప్పుకోలేక తల పట్టుకునేది ఈ చిన్న మొత్తాల దగ్గరే. ఎందుకు?

క్యాష్ బుక్ ఏ రోజుది ఆ రోజు రాయకపోవడం వల్ల. మార్చి 31న కూర్చుని ఏడాదిది ఒకేసారి రాస్తారు. ఒకే పెన్ను, ఒకే దస్తూరి, ఒకే వాలు. ఆడిటరుకు అర నిమిషం చాలు పట్టుకోవడానికి. ఇంకోటి, బిల్లు ఉంటుంది కానీ స్టాకు రిజిస్టరులో ఎక్కించరు. బకెట్లు కొన్నారు, బిల్లు ఉంది, బకెట్లు కూడా బడిలోనే ఉన్నాయి, స్టాకులో లేవు. కాగితం ప్రకారం ఆ బకెట్లు కొననట్టే. ప్రతి బిల్లు వెనక స్టాకు రిజిస్టరు పేజీ నంబరు వేసి సంతకం పెట్టడం అర నిమిషం పని. నెలాఖరున బ్యాంకు పాసుపుస్తకం నిల్వతో క్యాష్ బుక్ నిల్వ సరిపోల్చండి. తేడా ఉంటే ఎందుకో అక్కడే రాయండి, ఇంకా మారని చెక్కో, బ్యాంకు కోసిన చార్జో. కొట్టివేతలు, వైట్నరు వద్దు. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పైన సరైనది రాసి, పక్కన సంతకం.

రికార్డులంటే గుర్తొచ్చింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ సింగ్‌నగర్ మీదికి వచ్చింది కదా. అలాంటి నీళ్లు వస్తే ముందు తడిసేది బీరువా కింది అర. మనం అడ్మిషన్ రిజిస్టర్లు పెట్టేది ఎక్కడ? కింది అరలోనే, బరువని. 40 ఏళ్ల క్రితం చదివిన మనిషి పుట్టినతేదీకి ఆధారం ఆ పుస్తకమే. పై అరకు మార్చండి. ఈ వారంలో పేజీ పేజీ స్కాన్ చేయించండి. దీనికి జీవో అక్కర్లేదు.

క్రమశిక్షణ చర్యల గురించి చెప్పమన్నారు కొందరు. కొంచెం నెమ్మదిగా వినండి. ఆంధ్రప్రదేశ్ సీసీఏ రూల్స్ 1991, అంటే ప్రభుత్వ ఉద్యోగుల మీద చర్యలు ఎలా తీసుకోవాలో చెప్పే నిబంధనలు. సస్పెన్షన్ 8వ రూలు, అది శిక్ష కాదు. శిక్షలు 9వ రూల్లో ఉన్నాయి. పెద్ద శిక్షలకు విచారణ పద్ధతి 20, చిన్నవాటికి 22. చర్య ఎవరు తీసుకోవాలో వాళ్లు తీసుకుంటారు. కానీ కేసు నిలబడేదీ పడిపోయేదీ మీరు రాసే మొదటి నివేదిక దగ్గరే. ఎలా పడిపోతుంది? "విధుల పట్ల తీవ్ర నిర్లక్ష్యం వహించుచున్నారు." ఏమిటి ఆ నిర్లక్ష్యం? ఏ రోజు? ఏ తరగతి? ఎవరు చూశారు? ఏమీ ఉండదు. విచారణాధికారి ఏం చేస్తాడు? వదిలేస్తాడు. అదే మాటను ఇలా రాయండి. ఫలానా తేదీ ఉదయం 9.40కి బడికి వెళ్లాను. నాలుగో తరగతిలో 22 మంది పిల్లలు ఉన్నారు, టీచరు లేరు. టీచర్ల హాజరు పట్టీలో ఆ రోజు సంతకం ఉంది. సెలవు పత్రం లేదు. హెడ్మాస్టరు వాంగ్మూలం జతపరిచాను, పట్టీ నకలు జతపరిచాను. ఇందులో "తీవ్ర" అన్న మాట ఎక్కడైనా ఉందా? లేదు. నిలబడుతుంది.

అయితే ప్రతి దానికీ మెమో వద్దు. మెమోలు ఎక్కువైతే కరపత్రాలవుతాయి. పదిసార్లు ఆలస్యమైన టీచరును ముందు పిలిచి అడగండి, బస్సు మారిందా, ఇంట్లో మంచం పట్టినవాళ్లు ఉన్నారా అని. పిల్లవాడిని కొట్టిన సందర్భం మాత్రం వేరు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ, మానసిక వేధింపునూ రెండింటినీ నిషేధించింది. అక్కడ రాజీ కుదర్చడం మన పని కాదు.

మన ఆఫీసు సంగతేమిటి? టీచరు ఇంక్రిమెంటు ఆగింది. ప్రసూతి సెలవు 180 రోజులు అయి వచ్చింది, జీతం కలవలేదు. ఆవిడ బోర్డు ముందు నిలబడి ఉంటుంది, మనసు మన గుమాస్తా టేబుల్ దగ్గర ఉంటుంది. ఫైలు ఎందుకు ఆగింది? కొర్రీ. మొదటివారం ఒక కొర్రీ, అది తీర్చి తెస్తే రెండోది, అదీ తీరిస్తే "సర్వీసు రిజిస్టరులో ఫలానా ఎంట్రీ లేదు" అని మూడోది. ప్రతి కొర్రీకి ఆవిడ సగం రోజు బడి మానుకుని రావాలి. మీ ఆఫీసులో ఒక్క నియమం పెట్టండి. కొర్రీలన్నీ ఒకేసారి, ఒకే కాగితం మీద, రాతపూర్వకంగా. రెండోసారి కొత్త కొర్రీ పెట్టాలంటే మీ సంతకం కావాలి. ఈ ఒక్క నియమంతో గుమాస్తా మొదటిసారే ఫైలు పూర్తిగా చదువుతాడు. టీచర్లు ఆఫీసు పనికి నాలుగున్నర తర్వాత రావచ్చని చెప్పి, ఆ టైముకు మీరు సీట్లో ఉండండి. రమ్మని చెప్పి మనం లేకపోతే ఇంకా పాపం.

సమాచార హక్కు దరఖాస్తు వస్తే 30 రోజులు. మనది కాకపోతే 5 రోజుల్లో సంబంధిత ఆఫీసుకు బదిలీ. కారణం లేకుండా ఆలస్యమైతే రోజుకు 250, గరిష్ఠంగా 25 వేలు, అదీ అధికారి సొంత జేబు నుంచి. వచ్చిన రోజే తేదీ ముద్ర వేయించండి, చాలు.

తల్లిదండ్రుల కమిటీ. సభ్యుల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు ఉండాలి, మొత్తంలో సగం మంది మహిళలు. ఇది అందరికీ తెలుసు. మీటింగు పదకొండు గంటలకు పెడితే కూలికి పోయే తల్లి ఎలా వస్తుంది? ఆ పూట కూలి మీరిస్తారా? తర్వాత పుస్తకం ఇంటికి పంపి సంతకాలు చేయిస్తారు. సాయంత్రం పెట్టండి, అరగంట పెట్టండి. ఖర్చుల లెక్క చదివి వినిపించండి. "బకెట్లు ఎన్ని?" అని ఒకామె అడిగిందంటే ఆ కమిటీ బతికే ఉంది.

ప్రశ్నలు రాసి పంపమంటే రెండు చీటీలు వచ్చాయి. మొదటిది, "పైనుంచే 12 గంటల లోపు అని వస్తే మేమేం చేయాలి?" ఉన్న ఫైల్లోంచి ఉన్నంత పంపండి. లేనిదానికి, "ఈ అంశం బడుల నుంచి సాయంత్రం 5కి వస్తుంది, 6కి పంపుతాం" అని ఒక్క వాక్యం రాయండి. గడువు నిజంగా కోర్టు పనో, అసెంబ్లీ ప్రశ్నో అయితే వాళ్లే ఫోను చేసి చెబుతారు. అప్పుడు పరుగెత్తండి. చెప్పలేదంటే ఆరు గంటలు వాళ్లకూ సరిపోయిందనే.

రెండో చీటీ ఒక ప్రధానోపాధ్యాయురాలు రాశారు. "అడ్మినిస్ట్రేషన్‌తోనే సరిపోతోంది, నా పాఠాలు పోతున్నాయి, ఏం చేయను?" అమ్మా, మీ పీరియడ్లు ఉదయం మొదటి రెండూ పెట్టుకోండి. మధ్యాహ్నం పెట్టుకుంటే వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ వాటిని తినేస్తారు. ఎవరైనా వస్తే రెండో గంట దాకా వరండాలో కూర్చోమని అటెండరుతో చెప్పించండి, ఎమ్మీవో (మండల విద్యాశాఖాధికారి) గారు వచ్చినా సరే. ఇక్కడున్న ఎమ్మీవోలు వింటున్నారు కదా. మీ ఫోను మాత్రం ఆ గంటన్నర బీరువాలో పెట్టి తాళం వేయండి, తాళంచెవి అటెండరుకు ఇవ్వండి.